బాగున్న ఎముకని ఎందుకు కోస్తారు? కీన్‌బాక్ జబ్బుకి సర్జరీ గురించి

మీరు రాసింది ఇదీ: వయసు 32, వడ్రంగి పని. కుడి మణికట్టు ఏడాదిగా నొప్పి, పిడికిలి గట్టిగా బిగించలేకపోతున్నారు. ఎంఆర్‌ఐలో కీన్‌బాక్ జబ్బు, అంటే మణికట్టులో ఒక చిన్న ఎముక రక్తం అందక చచ్చుబడటం, 3ఎ దశ అని వచ్చింది. ముంజేతిలో చిటికెన వేలి వైపు ఉండే అల్నా ఎముక 2 మిల్లీమీటర్లు పొట్టిగా ఉందని కూడా రిపోర్టులో ఉంది. ఒక డాక్టరు ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రెండో ఎముకని, అంటే రేడియస్‌ని, కోసి పొట్టి చెయ్యాలన్నారు. ఇంకొకరు మణికట్టులో మూడు ఎముకలు తీసేద్దామన్నారు. "జబ్బు ఒక చిన్న ఎముకలో ఉంటే బాగున్న పెద్ద ఎముకని కోయడం ఏమిటి? ఆ తర్వాత నేను ఉలి పట్టగలనా?" అని అడిగారు.

నేను చేతి ఆపరేషన్లు చేసే ఆర్థోపెడిక్ సర్జన్ని. ఈ జబ్బుతో వచ్చినవాళ్లలో సగం మంది ఈ మొదటి ప్రశ్నే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు అర్థమైతే ఇద్దరు డాక్టర్లూ వేర్వేరుగా ఎందుకు చెప్పారో కూడా తెలిసిపోతుంది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరసల్లో ఉంటాయి. ముంజేతికి ఆనుకుని ఉండే వరసలో నట్టనడుమ ఉండేది లునేట్. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో నెలవంకలా కనిపిస్తుంది, పేరు కూడా అందుకే వచ్చింది. కింద రేడియస్, పైన రెండో వరసలోని కాపిటేట్ అనే ఎముక, అటూ ఇటూ మరో రెండు ఎముకలు. చేత్తో బరువు నెట్టినా, పిడికిలి బిగించినా కాపిటేట్ వచ్చి ఈ లునేట్‌ని రేడియస్ మీదకి అదుముతుంది. రోట్లో పప్పులాగా మధ్యలో నలిగేది ఇదే. పైగా దీని ఒంటిమీద ఎక్కువ భాగం కార్టిలేజే, మీరు గుజ్జు అంటారే, అది. గుజ్జు ఉన్న చోటునుంచి రక్తనాళాలు లోపలికి వెళ్లలేవు. ముందు పక్కనుంచి, వెనక పక్కనుంచి మాత్రమే వెళ్లాలి. కొందరికి ఆ దారి కూడా ఒక్కటే ఉంటుంది. రక్తం అందక ఎముక లోపల చచ్చుబడుతుంది, అదే సమయంలో పైనుంచి ఒత్తిడి ఆగదు. కొన్నాళ్లకి పగుళ్లు, తర్వాత కుంగిపోవడం.

వియన్నాలో రేడియాలజిస్టుగా ఉన్న రాబర్ట్ కీన్‌బాక్ 1910లో దీన్ని వివరంగా రాశాడు, అందుకే ఆయన పేరు. దెబ్బ తగిలి రక్తసరఫరా చెడిపోవడమే కారణమని ఆయన అనుకున్నాడు. ఇవాళ ఎవరూ ఒక్క కారణం చెప్పరు. 20 నుంచి 40 ఏళ్ల మధ్య మగవాళ్లలో, చేతిపని చేసేవాళ్లలో ఎక్కువగా చూస్తాం. మీరేదో తప్పు చేసి తెచ్చుకున్నది మాత్రం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. చేతిలోంచి ముంజేతికి దిగే బరువులో మామూలుగా 80 శాతం దాకా రేడియస్ మీద, మిగతా 20 అల్నా మీద పడుతుంది. రెండింటి పొడుగులో చిన్న తేడా వచ్చినా ఈ పంపకం మారిపోతుంది. ప్రయోగశాలలో కొలిచి చూస్తే, అల్నా 2.5 మిల్లీమీటర్లు పొడుగైతే దాని వాటా 40 శాతం దాటింది. అంతే పొట్టి చేస్తే 5 శాతంలోపుకి పడిపోయింది. అంటే అల్నా పొట్టిగా ఉన్నవాళ్లకి బరువంతా రేడియస్ మీదే, దానికీ కాపిటేట్‌కీ మధ్య ఇరుక్కున్న లునేట్ మీదే. కాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్న బల్లని మీరు ఎన్నోసార్లు సరిచేసి ఉంటారు. బల్ల కుదురుగా నిలవడానికి పొడుగ్గా ఉన్న కాలిని కోస్తారు గానీ, ఆ కాలు పాడైందని కాదు కదా. రేడియస్‌ని కోయడం కూడా అంతే. లునేట్‌కి వైద్యం చెయ్యం. దానిమీద బరువు దించి, మిగిలింది నిలబడేలా చూస్తాం.

అల్నా పొట్టిగా ఉంటే ఈ జబ్బు ఎక్కువ అని స్వీడన్‌కి చెందిన హుల్టెన్ 1928లో గమనించాడు. అయితే అల్నా పొట్టిగా ఉన్న చాలామందికి జీవితాంతం ఏమీ కాదు, సమంగా ఉన్నవాళ్లకీ ఈ జబ్బు వస్తుంది. కాబట్టి అదొక్కటే కారణం అనుకోకండి. ఆపరేషన్ ఎంచుకోవడానికి మాత్రం ఆ కొలత చాలా ముఖ్యం.

అందుకే ఆపరేషన్ మాట అటుంచి ముందు ఆ కొలత నమ్మదగ్గదేనా అని చూడండి. ఎక్స్‌రే తీసేటప్పుడు మిమ్మల్ని ఎలా కూర్చోబెట్టారో గుర్తు తెచ్చుకోండి. సరైన పద్ధతిలో భుజం పక్కకి ఎత్తి, మోచేయి లంబంగా మడిచి, అరచేయి బల్లమీద పరిచి తీస్తారు. పిడికిలి బిగిస్తే అల్నా ఉన్నదానికన్నా పొడుగ్గా కనబడుతుంది, చెయ్యి తిరిగితే తిరిగిన వైపుని బట్టి పొడుగ్గానో పొట్టిగానో కనబడుతుంది. ఆపరేషన్‌లో తీసేదే 2 మిల్లీమీటర్లైనప్పుడు కొలతలో ఒక మిల్లీమీటర్ తేడా చిన్న విషయం కాదు. ఎంఆర్‌ఐ చూసి రాసిన కొలత మీద నేనైతే ఆపరేషన్ చెయ్యను.

ఇంకో చిక్కు కూడా ఉంది. లునేట్‌లో మచ్చ కనబడ్డ ప్రతిదీ కీన్‌బాక్ కాదు. అల్నా పొడుగ్గా ఉన్నవాళ్లకి అది వచ్చి లునేట్ అంచుని పొడుస్తూ ఉంటుంది, అప్పుడూ ఎంఆర్‌ఐలో మచ్చే. కాకపోతే అది చిటికెన వేలి వైపు మూలకే ఉంటుంది, కీన్‌బాక్‌లో ఎముక మధ్యలో గానీ మొత్తంగా గానీ ఉంటుంది. ఈ రెండింటికీ వైద్యం సరిగ్గా తలకిందులు: అక్కడ పొట్టి చేసేది అల్నాని. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మీకు అల్నా పొట్టి అంటున్నారు కాబట్టి ఈ భయం తక్కువే.

సీటీ స్కాన్ తీశారా? రాయలేదు. తీయకపోతే తీయించండి. రక్తం అందుతోందా లేదా అన్నది ఎంఆర్‌ఐ చెబుతుంది. ఎముక ఆకారం, పగుళ్లు సీటీలోనే తేటగా కనబడతాయి. ఎక్స్‌రేలో రెండో దశ అనుకున్న ఎముక సీటీలో నిలువునా రెండు ముక్కలై కనబడటం నేను చాలాసార్లు చూశాను. అలా చీలితే ముంజేతి ఎముకని పొట్టి చేసినా ఫలితం అంతంత మాత్రమే.

దశల గురించి రెండు ముక్కలు. ఇవాళ ఎక్కువమంది వాడేది లిచ్ట్‌మన్ అనే సర్జన్ 1977లో చేసిన విభజనే, తర్వాత మార్పులు జరిగాయి. ఒకటో దశలో ఎక్స్‌రే మామూలుగా ఉంటుంది, ఎంఆర్‌ఐలోనే తెలుస్తుంది. రెండులో ఎముక ఎక్స్‌రేలో తెల్లగా గట్టిపడి కనబడుతుంది, ఆకారం చెడదు. మూడులో కుంగుతుంది. కుంగినా పక్కనున్న స్కాఫాయిడ్ అనే ఎముక తన చోటునే ఉంటే 3ఎ, అది ముందుకి వంగిపోయి అలాగే బిగుసుకుపోతే 3బి. నాలుగులో చుట్టుపక్కల కీళ్లు కూడా అరిగిపోతాయి. మీ విషయంలో అసలు గీత 3ఎకీ 3బికీ మధ్య ఉంది. ఒకపక్క లునేట్‌ని కాపాడే ఆపరేషన్లు, ఇంకోపక్క దాన్ని వదిలేసి మిగతా మణికట్టుని కాపాడే ఆపరేషన్లు. మీ ఇద్దరు డాక్టర్లూ ఆ గీతకి చెరోపక్క నిలబడ్డారు, అంతే.

అయితే దశ అంకె ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. గుజ్జు ఎలా ఉందో ఎక్స్‌రేలో కనబడదు. ఆర్థ్రోస్కోప్, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చూస్తే తెలుస్తుంది. కొన వంగిన సన్నటి కడ్డీతో లునేట్‌ని మెల్లగా నొక్కుతాం. బాగున్న గుజ్జు గట్టిగా, నున్నగా నిలబడుతుంది. కింద ఎముక కుంగినచోట పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది గానీ, నొక్కితే గుడ్డు పెంకు కింద ఏమీ లేనట్టు లోపలికి పోతుంది. ఎక్స్‌రేలో ఒకేలా ఉన్న ఇద్దరికి లోపల పూర్తిగా వేర్వేరుగా ఉండటం మామూలే.

"ఏ ఆపరేషనూ వద్దు, కట్టు వేసుకుని చూస్తా" అంటే? ఒకటో దశలో అది సబబే, మూడు నెలల దాకా కట్టు వేసి చూస్తాం. పిల్లల్లో అయితే కట్టుతోనే చాలామందికి బాగవుతుంది. పెద్ద వయసువాళ్లలో ఎక్స్‌రే భయంకరంగా ఉన్నా నొప్పి భరించగలిగేంతే ఉండొచ్చు, వాళ్లని కదిలించను. అసలు ఈ జబ్బులో ఎక్స్‌రేకీ నొప్పికీ పొంతన తక్కువ. మీ వయసు, మీ పని, ఏడాది నొప్పి, ఎముక కుంగడం మొదలవడం, ఇవన్నీ చూస్తే ఊరికే కూర్చోమని నేను చెప్పను. అలాగని వచ్చే వారమే చేయించుకోవాలన్న తొందరేం లేదు. నెలో రెండు నెలలో ఆలోచించుకున్నా కొంప మునగదు. ఈలోపు బరువు పని, సుత్తి పని ఆపండి.

రేడియస్ పొట్టి చేసే ఆపరేషన్ ఎలా జరుగుతుందో చెబుతాను, మీకు ఇందులో తెలిసిన సంగతులు కొన్ని తగులుతాయి. చంక దగ్గరో మెడ దగ్గరో నరాలకి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, చెయ్యి మొత్తం మొద్దుబారుతుంది. ముంజేయి లోపలివైపు, మణికట్టుకి కాస్త పైన నిలువుగా కోత పెట్టి ఎముక దగ్గరికి చేరతాం. కోయడానికి ముందే ఎముక మీద నిలువుగా ఒక గీత గీస్తాం, కోశాక రెండు ముక్కలూ మెలి తిరగకుండా మళ్లీ ఆ గీత కలిసేలా పెట్టడానికి. మీరు చెక్క మీద పెన్సిల్ గుర్తు పెట్టుకోరూ, అదే. రంపపు బ్లేడు మందం కూడా లెక్కలోకి వస్తుంది. 2 మిల్లీమీటర్ల ముక్క తీద్దామని రెండు కోతలు పెడితే, బ్లేడు తినేసిన ఎముకతో కలిపి 3 అవుతుంది. కొత్తగా చేసేవాళ్లు పొరపడేది ఇక్కడే. తీసేది సాధారణంగా 2 నుంచి 3 మిల్లీమీటర్లు, అల్నాతో సమం అయ్యేదాకా లేదా అల్నా ఓ మిల్లీమీటర్ పొడుగయ్యేదాకా. అత్యాశకి పోయి ఎక్కువ తీస్తే అల్నా ఇందాక చెప్పినట్టు లునేట్ అంచుని పొడవడం మొదలుపెడుతుంది, ఒక నొప్పి పోయి ఇంకోటి వస్తుంది. చివర్లో రెండు ముక్కల్నీ దగ్గరికి నొక్కి ప్లేటు, స్క్రూలు బిగిస్తాం.

ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే మణికట్టు కీలుని ముట్టుకోం. రేపు ఇది పనిచెయ్యకపోతే మిగతా దారులన్నీ తెరిచే ఉంటాయి. ఎక్కువమందికి నొప్పి బాగా తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. లునేట్ మళ్లీ కొత్తదానిలా మారుతుందని మాత్రం ఆశపడకండి. కొన్నేళ్ల తర్వాత ఎక్స్‌రే తీస్తే అది ఇంకాస్త కుంగి ఉండొచ్చు, మనిషి మాత్రం హాయిగా పని చేసుకుంటూ ఉంటాడు.

అల్నా పొట్టిగా లేనివాళ్లకి ఇది కుదరదు. వాళ్లకి పైనున్న కాపిటేట్‌ని పొట్టి చేస్తారు. అర్జెంటీనా సర్జన్లు 2001లో ఇంకో పద్ధతి ప్రచురించారు: ఏ ఎముకనీ పొట్టి చెయ్యకుండా రేడియస్, అల్నా చివర్లలో చిన్న కిటికీ తెరిచి లోపలి మెత్తటి ఎముకని తోడి వదిలేయడం. పుండు మానేటప్పుడు ఆ ప్రాంతానికి రక్తం పెరుగుతుందే, ఆ ప్రభావం లునేట్ మీద పడుతుందని వాళ్ల వాదన. రేడియస్ కోసినప్పుడు కలిగే మేలులో కొంత దీనివల్లే అయ్యుండొచ్చని నా అనుమానం.

రక్తనాళంతో సహా రేడియస్ వెనకనుంచి చిన్న ఎముక ముక్క తీసి లునేట్‌లో అమర్చడం ఇంకో దారి. వినడానికి ఇదే అన్నిటికన్నా సరైన వైద్యంలా ఉంటుంది: రక్తం లేనిచోటికి రక్తం పంపడం. పై పెంకు, గుజ్జు బాగుంటేనే పనికొస్తుంది. అది కుదురుకునేదాకా లునేట్ మీద బరువు పడకుండా కూడా చూడాలి. మోకాలి దగ్గరనుంచి గుజ్జుతో సహా ఎముక తెచ్చి, మైక్రోస్కోప్ కింద రక్తనాళాలు కుట్టే ఆపరేషన్ కూడా ఉంది. అది చేసేవాళ్లు కొద్దిమందే, చేయించుకుంటే బాగా అలవాటున్న చేతుల్లోనే చేయించుకోవాలి.

ఇక మీ రెండో డాక్టరు చెప్పింది. కింది వరసలోని స్కాఫాయిడ్, లునేట్, ట్రైక్వెట్రమ్ మూడూ తీసేస్తే కాపిటేట్ తల కిందికి దిగి, రేడియస్‌లో లునేట్ కూర్చునే గుంటలో కూర్చుంటుంది. కొత్త కీలు అన్నమాట. అతుక్కోవాల్సిన ఎముక లేదు కాబట్టి త్వరగా కోలుకుంటారు. మంచి ఆపరేషనే. మణికట్టు కదలిక దాదాపు సగం మిగులుతుంది, పట్టు రెండో చేతితో పోలిస్తే కొంత తక్కువగా ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే కాపిటేట్ తల గుండ్రం, ఆ గుంట గుండ్రం ఒక కొలతవి కావు. తలుపుకి వేరే తలుపు బందు బిగించినట్టు, పనిచేస్తుంది గానీ ఏళ్లు గడిచేకొద్దీ అరుగుతుంది. 50 ఏళ్ల మనిషికి, లునేట్ తుక్కుతుక్కైనవారికి ఇదే చేస్తాను. 32 ఏళ్లకి, బరువు పనివాడికి, లునేట్ ఇంకా కాపాడే స్థితిలో ఉందనుకుంటే ఇది మొదటి అడుగు కాకూడదని నా అభిప్రాయం. తీసేసిన ఎముకల్ని తిరిగి పెట్టలేం. ఆ డాక్టరు ఆర్థ్రోస్కోప్‌లోనో సీటీలోనో లునేట్ ముక్కలై ఉండటం చూసి చెప్పి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఆయన్నే సూటిగా అడగండి: "లునేట్‌ని కాపాడలేమని ఏ పరీక్షలో తేలింది?"

3బిలోకి వెళ్లినవాళ్లకి స్కాఫాయిడ్‌ని లేపి నిలబెట్టి కాపిటేట్‌తో అతికిస్తారు, బరువు ఆ దారిన పోయేలా. నాలుగో దశలో నొప్పి భరించలేనివాళ్లకి మణికట్టు మొత్తం అతికించడం మిగులుతుంది. మణికట్టు వంగదు, అరచేయి పైకీ కిందికీ తిప్పడం మాత్రం పోదు, ఎందుకంటే ఆ కదలిక ముంజేతిది. మొత్తం అతికించడం అనగానే జనం హడలిపోతారు గానీ, నొప్పి లేని గట్టి చెయ్యి దొరికిందని తృప్తి పడే బరువు పనివాళ్లు చాలామంది ఉన్నారు. నొప్పి మోసే సన్నటి నరాన్ని కత్తిరించడం పక్కన జత చేసే చిన్న పని, దానివల్ల వేళ్లకి ఏమీ కాదు. ఎవరైనా సిలికాన్ లునేట్ గురించి చెబితే వద్దనండి. ఒకప్పుడు విరివిగా పెట్టారు, అది అరిగి రాలిన పొడి చుట్టూ ఎముకల్ని తినేసింది, అందుకే మానేశారు.

ఆపరేషన్ తర్వాత మొదటి రోజు చాలామందిని హడలెత్తించేది నొప్పి కాదు, మత్తు. చెయ్యి గంటల తరబడి మీది కానట్టు వేలాడుతుంది. మత్తు పూర్తిగా దిగకముందే నొప్పి మాత్ర వేసుకోండి, దిగాక వేసుకుంటే ఆలస్యమైనట్టే. చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉంచాలి. వేళ్లు మొదటి రోజునుంచే పూర్తిగా ముడిచి, పూర్తిగా చాచాలి, గంటకి పదిసార్లు. వాపుకి భయపడి వేళ్లు కదపకుండా కూర్చున్నవాళ్లకి ఎముక చక్కగా అతుక్కుని కూడా వేళ్లు బిగుసుకుపోతాయి. కట్టు నాలుగు నుంచి ఆరు వారాలు. ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు. సిగరెట్, బీడీ అలవాటుంటే ఆపరేషన్‌కి ముందే మానెయ్యండి, పొగ తాగేవాళ్లకి ఎముక అతకడం ఆలస్యమవుతుంది, కొందరికి అసలు అతకదు. అప్పుడు మళ్లీ ఆపరేషన్. ఇన్‌ఫెక్షన్, వేళ్లని కదిపే తాళ్లలాంటి స్నాయువులకి ప్లేటు గీసుకోవడం, చెయ్యి విపరీతంగా వాచి మంటలు పుట్టే ఒక రకం నొప్పి కూడా వస్తాయి, అరుదే గానీ వస్తాయి. కట్టు లోపల వేళ్లు చల్లబడినా, రంగు మారినా, మాత్రకి లొంగని నొప్పి పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఉలి సంగతి. ఎముక అతికిందని ఎక్స్‌రేలో తేలాక, సుమారు మూడో నెలలో తేలిక పని మొదలుపెట్టొచ్చు: కొలతలు, గీతలు, ఇసుక కాగితం. ఉలి, చిత్రిక ఆ తర్వాత, ఎడమ చేతికి కాస్త ఎక్కువ పని చెప్పుకుంటూ. సుత్తి, డ్రిల్లింగ్ మిషన్ అన్నిటికన్నా చివర, ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యపోవద్దు. మునుపటి వంగడం మొత్తం తిరిగి రాకపోవచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒకాయన తడి గుడ్డ పిండలేక ఏడ్చేవాడు. ఆపరేషన్ అయిన తొమ్మిది నెలలకి వచ్చి మణికట్టు ఇంకా పూర్తిగా వంగట్లేదని ఫిర్యాదు చేశాడు. గుడ్డ పిండుతున్నారా అని అడిగితే, "అది ఎప్పుడో మొదలెట్టాను" అన్నాడు. ప్లేటు ఇబ్బంది పెట్టకపోతే అలాగే ఉంచేయొచ్చు, తీయాల్సివస్తే కనీసం ఏడాది ఆగి తీయిస్తారు.